నాలుగు కాలనీల సంతతి

మా ప్రయోగశాలలో మైనస్ 80 డిగ్రీల ఫ్రీజరు రెండో అరలో ఒక చిన్న అట్టడబ్బా ఉంటుంది. అందులో అయిదు రకాల బ్యాక్టీరియా ఉన్నాయి: నాలుగు సాల్మొనెల్లా, ఒకటి ఇ.కోలి. హైదరాబాదు చుట్టుపక్కల తయారయ్యే మందులలోనూ, వాటితో పాటు మిగిలిపోయే మాలిన్యాలలోనూ డీఎన్‌ఏను దెబ్బతీసే గుణం ఉందేమో తేల్చే ఏమ్స్ పరీక్ష చేయడం పదకొండేళ్లుగా నా ఉద్యోగం. ఆ అయిదు రకాలే నా పనిముట్లు. వాటిలో అయిదోదైన ఇ.కోలికి డబ్ల్యూపీ2 అని పేరు. ఆ పేరును రిజిస్టరులో కొన్ని వేల సార్లు రాసి ఉంటాను గానీ, ఆ జీవి ఎక్కడి నుంచి వచ్చిందో ఎన్నడూ ఆరా తీయలేదు. గత ఏడాది కొత్తగా చేరిన ఒక అమ్మాయి, సీసా మీది చీటీ చదువుతూ, "మేడమ్, ఇది దేని పిల్ల?" అని అడిగింది. జవాబు తెలియక ఆ సాయంత్రం వెతకడం మొదలుపెట్టాను. వెతుకుతూ పోతే దారి 1944 వేసవిలో, అమెరికాలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ అనే చోట, పొరపాటున ఎక్కువ మోతాదు కిరణాలు పడిన ఒక పెట్రీ ప్లేటు దగ్గర ఆగింది.

ఆ ప్లేటు ఈవెలిన్ విట్కిన్‌ది. ఆమె 1921లో న్యూయార్కులో పుట్టారు, 2023 జూలైలో 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు. బ్యాక్టీరియా జన్యుశాస్త్రంలోకి ఆమె నేరుగా రాలేదు. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో చదువుతుండగా, దక్షిణాది విశ్వవిద్యాలయాలతో ఆడే పోటీలలో నల్లజాతి ఆటగాళ్లను పక్కన కూర్చోబెట్టే పద్ధతిని నిరసించిన విద్యార్థులలో ఆమె ఒకరు. 1941లో విశ్వవిద్యాలయం ఆమెతో సహా ఏడుగురిని మూడు నెలల పాటు సస్పెండ్ చేసింది. దానితో ఆమె పై చదువుకు అక్కడ ఉండాలనే ఆలోచన మానుకొని, కొలంబియా విశ్వవిద్యాలయంలో థియోడోసియస్ డోబ్జాన్‌స్కీ అనే జన్యుశాస్త్రజ్ఞుడి దగ్గర చేరారు. ఆ ఏడుగురినీ న్యూయార్క్ విశ్వవిద్యాలయం గౌరవించడానికి 2001 దాకా, అంటే అరవై ఏళ్లు పట్టింది.

డోబ్జాన్‌స్కీ దగ్గర పని అంటే పండ్ల ఈగలతో పని. కానీ 1943లో లూరియా, డెల్‌బ్రూక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కలిసి ప్రచురించిన పరిశోధన, బ్యాక్టీరియాలోనూ జన్యువులుంటాయనీ, వాటిలో ఉత్పరివర్తనలు (జన్యువులలో నిలిచిపోయే మార్పులు, మ్యుటేషన్లు) మనం వాటిని పరీక్షించకముందే యాదృచ్ఛికంగా పుడుతుంటాయనీ చూపించింది. బ్యాక్టీరియాకు జన్యుశాస్త్రం అనేది ఒకటుంటుందని అందరూ నమ్మని రోజులవి. ఆ వ్యాసం చదివిన విట్కిన్ ఆ పని నేర్చుకోవడానికి 1944 వేసవిలో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ వెళ్లారు. అక్కడి సంచాలకుడు మిలిస్లావ్ డెమెరెక్ ఆమెకు అప్పగించిన పని ఒక్క ముక్కలో అయిపోతుంది: ఉత్పరివర్తనలు పుట్టించు. ఆమె అంతకు ముందు బ్యాక్టీరియాను పట్టుకొని ఎరగరు.

ఇ.కోలిలో బి అనే రకాన్ని ప్లేట్ల మీద పరచి, అతినీలలోహిత దీపం కింద పెట్టారు. మోతాదు ఎంత ఉండాలో అనుభవం లేదు కనుక ఎక్కువే పడింది. మర్నాడు చూస్తే దాదాపు అంతా చచ్చిపోయింది; నాలుగంటే నాలుగు కాలనీలు (ఒక్కో కణం పెరిగి కంటికి కనిపించే చుక్కలు) మిగిలాయి. ఈ వృత్తిలో ఉన్నవాళ్లకు ఇలాంటి ఉదయాలు కొత్త కాదు. ప్లేటు పాడైంది, మోతాదు తగ్గించి మళ్లీ చేద్దాం అని ఆటోక్లేవ్‌లో పడేస్తాం. నేనైతే కచ్చితంగా పడేసి ఉండేదాన్ని. విట్కిన్ మాత్రం ఇంత మోతాదుకు ఇవి ఎందుకు బతికాయి అని అనుమానించి, ఆ నాలుగింటిని విడివిడిగా పెంచి, మళ్లీ కిరణాల కింద పెట్టి చూశారు. తల్లి రకం చచ్చిపోయే మోతాదులో ఇవి హాయిగా పెరిగాయి. ఎక్స్‌రేలను కూడా తట్టుకున్నాయి. లూరియా, డెల్‌బ్రూక్ నేర్పిన తర్కాన్నే ప్రయోగించి, ఈ నిరోధక శక్తి కిరణాల వల్ల వచ్చినది కాదనీ, సమూహంలో ముందే అరుదుగా ఉన్న ఉత్పరివర్తకాలను (జన్యువు మారిన కణాలను) కిరణాలు ఏరి చూపించాయనీ ఆమె తేల్చారు. ఆ నిరోధక రకానికి బి/ఆర్ అని పేరు. 1947లో ఆమెకు డాక్టరేటు తెచ్చిపెట్టిన పని ఇదే. మా డబ్బాలోని డబ్ల్యూపీ2, ట్రిప్టోఫాన్ అనే అమినో ఆమ్లాన్ని (ప్రొటీన్ల ముడిసరుకులలో ఒకటి) తయారుచేసుకోలేని బి/ఆర్ సంతతి.

సూక్ష్మదర్శినిలో ఆమె చూసిన ఒక చిన్న వింత ఇంతకన్నా ముఖ్యమైనది. కిరణాలు తగిలిన బి రకం కణాలు వెంటనే చావలేదు. పెరుగుతూనే ఉన్నాయి గానీ విడిపోవడం మానేశాయి. రెండు మైక్రాన్ల పొట్టి కడ్డీలా ఉండవలసిన కణం పాములా పొడుగ్గా సాగి, సాగి, చివరికి చచ్చిపోయింది. బి/ఆర్ మాత్రం విడిపోతూ మామూలుగానే ఉంది. అంటే చావుకు కారణం కిరణాల దెబ్బ ఒక్కటే కాదు, విభజన ఆగిపోవడం కూడా. డీఎన్‌ఏ దెబ్బతింటే కణవిభజనను ఎవరు ఆపుతున్నారు? డీఎన్‌ఏ ఆకారమే ఇంకా తెలియని 1944లో ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలవాళ్లు లేరు. ఆమె దానిని ఇరవై ఏళ్లకు పైగా మనసులో పెట్టుకొని తిరిగారు.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. ఎమ్మెస్సీలో మాకు అతినీలలోహిత కిరణాల ప్రాక్టికల్ ఒకటి ఉండేది. దీపం కింద ముప్పై సెకన్లు ఉంచిన ప్లేట్లలో రెండింటిని వెంటనే ఇంక్యుబేటరులో పెట్టి, మూడోదానికి మూత మీద పేరు రాయడం మరచిపోయి, కిటికీ పక్కన బల్ల మీద గంటసేపు వదిలేశాను. మర్నాడు ఆ మూడో ప్లేటులో కాలనీలు లెక్కపెట్టలేనన్ని వచ్చాయి. పిపెట్ సరిగా పట్టుకోవడం రాదని చీవాట్లు పడ్డాయి. నేనూ నోరు మూసుకొని ఆ ప్లేటును రికార్డులో రాయకుండా వదిలేశాను. చాలా కాలం తరువాత తెలిసింది, నా పిపెట్‌లో తప్పేమీ లేదని. 1949లో అదే కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో ఆల్బర్ట్ కెల్నర్ కనిపెట్టినది సరిగ్గా ఇదే: అతినీలలోహిత కిరణాలకు చావవలసిన సూక్ష్మజీవులు మామూలు వెలుతురు పడితే బతికి బయటపడతాయి. కిరణాలు డీఎన్‌ఏలో పక్కపక్కనున్న రెండు థైమిన్‌లను (డీఎన్‌ఏ రాతలోని నాలుగు అక్షరాలలో ఒకటి) ఒకదానికొకటి అతికిస్తాయి. ఫోటోలైయేజ్ అనే ఎంజైము నీలి కాంతి శక్తిని తీసుకొని ఆ అతుకును విడదీస్తుంది. అందుకే ఈ రంగంలో పనిచేసేవారు పసుపు దీపాల కింద ప్లేట్లు పరుస్తారు. నేను చెత్తబుట్టలో వేసిన ప్లేటులో డీఎన్‌ఏ మరమ్మతు కంటికి కనిపించేంత పెద్దగా ఉన్నది.

చీకటిలో జరిగే మరమ్మతు కూడా ఉందని తరువాత తేలింది. యూవీఆర్ జన్యువులు తయారుచేసే ప్రొటీన్లు ఆ అతుకుకు రెండు పక్కలా తంతువును కత్తిరించి, ముక్కను తీసేసి, ఎదుటి తంతువును చూసి ఖాళీని సరిగ్గా పూరిస్తాయి. ఈ రెండు పద్ధతులలోనూ తప్పు దొర్లదు. మరి ఉత్పరివర్తనలు ఎక్కడి నుంచి వస్తున్నాయి? దెబ్బ తగిలిన చోట అక్షరం మారిపోతుంది, అదే ఉత్పరివర్తన అని అప్పట్లో చాలామంది అనుకున్నారు. రాయి తగిలితే అద్దం పగులుతుంది కదా, అంత సులువుగా. విట్కిన్ 1960లలో చేసిన పనితో ఆ ఊహ నిలవలేదు. ఎక్స్‌ఆర్ అనే ఒక ఉత్పరివర్తకం కిరణాలకు మామూలు బ్యాక్టీరియా కన్నా చాలా ఎక్కువగా చచ్చిపోయేది. కానీ బతికిన వాటిలో కొత్త ఉత్పరివర్తనలు దాదాపు కనిపించేవి కావు. దెబ్బ అదే, మోతాదు అదే, అయినా ఉత్పరివర్తన లేదు. అంటే ఉత్పరివర్తనను కిరణం చేయడం లేదు, దెబ్బ తిన్న కణమే తన చేతులతో చేస్తున్నది. ఈ విషయం మొదటిసారి సరిగ్గా అర్థమైన రోజున, పదేళ్లుగా నేను ప్లేట్ల మీద లెక్కపెడుతున్నది ఏమిటో నాకే తెలియదన్న సంగతి తెలిసివచ్చింది.

కణం చేస్తున్నదంటే, దానికి సరంజామా ఉండాలి. అది ఎప్పుడు పైకి తీయాలో చెప్పే ఏర్పాటు ఉండాలి. 1967లో విట్కిన్ తన పాత పాముల దగ్గరకు మళ్లీ వెళ్లారు. కొన్ని బ్యాక్టీరియాల డీఎన్‌ఏలో లాంబ్డా అనే వైరస్ నిద్రపోతూ ఉంటుంది. ఒక అణచివేత ప్రొటీను దానిని లేవనివ్వదు. కిరణాలు పడితే ఆ వైరస్ నిద్ర లేచి కణాన్ని పగలగొట్టుకొని బయటికి వస్తుంది. ఏ పరిస్థితులలో వైరస్ లేస్తున్నదో, సరిగ్గా అవే పరిస్థితులలో బి రకం పాములుగా మారుతున్నదని ఆమె గమనించారు. వైరస్‌కూ, కణవిభజనకూ సంబంధమే లేదు. అయినా రెండింటికీ తాళం ఒక్కటే అయి ఉండాలనీ, కణవిభజనను ఆపే పదార్థాన్ని కూడా లాంబ్డా అణచివేత ప్రొటీను లాంటిదే ఏదో అదిమిపట్టి ఉండాలనీ, డీఎన్‌ఏ దెబ్బతిన్నప్పుడు రెండూ ఒకేసారి విడుదల అవుతున్నాయనీ ప్రతిపాదించారు. అప్పటికి ఇది ఊహ మాత్రమే. నా దృష్టిలో ఆమె చేసిన అన్ని పనులలోకీ గొప్పది ఇదే. దీనిలో కొత్త పరికరం లేదు, ఎవరో ఇద్దరు వేర్వేరు గదులలో చూస్తున్న వాటిని పక్కపక్కన పెట్టి చూడడం తప్ప.

1970లో మిరోస్లావ్ రాద్మాన్ అనే యువ శాస్త్రవేత్త కొందరికి పంపిన ఒక అముద్రిత పత్రంలో, తప్పులు చేస్తూ చేసే మరమ్మతు కూడా ఇదే తాళం కింద ఉండవచ్చునని రాశారు. మునిగిపోతున్న ఓడ పంపే ఆపద సంకేతం పేరు మీద దానిని ఎస్‌ఓఎస్ అన్నారు. 42 డిగ్రీల వేడికే, డీఎన్‌ఏకు ఏ దెబ్బా లేకుండానే, వైరస్‌నూ పాములనూ ఒకేసారి లేపే ఒక ఉత్పరివర్తకం అప్పటికి ఫ్రెంచి శాస్త్రవేత్తల దగ్గర ఉన్నది. విట్కిన్ దానిని తీసుకొని, ఆ వేడిలో ఉత్పరివర్తనలు కూడా పెరుగుతాయని 1974లో చూపించారు. 1976లో ఆమె రాసిన సమీక్షా వ్యాసం ఈ రంగానికి పటం గీసి ఇచ్చింది.

తాళం ఎలా పనిచేస్తుందో ఆ తరువాతి పదేళ్లలో ఎందరో కలిసి తేల్చారు. లెక్స్‌ఏ అనే ప్రొటీను మామూలు రోజులలో ఈ జన్యువులన్నింటి ముందూ కూర్చొని వాటిని పని చేయనివ్వదు. (విట్కిన్ వాడిన ఎక్స్‌ఆర్ ఈ లెక్స్‌ఏ జన్యువులోని మార్పే.) డీఎన్‌ఏ నకలు తీసే యంత్రం దెబ్బ తగిలిన చోట ఆగిపోతే, అక్కడ ఒంటి తంతువు బయటపడుతుంది. రెక్‌ఏ అనే ప్రొటీను ఆ ఒంటి తంతువు చుట్టూ వరుసగా అల్లుకుంటుంది. ఆ అల్లికను తాకిన లెక్స్‌ఏ తనను తానే, 84, 85వ అమినో ఆమ్లాల మధ్య, రెండుగా కోసుకుంటుంది. కాపలాదారు పోగానే సుమారు నలభై జన్యువులు మేలుకొంటాయి. ముందుగా లేచేవి తప్పు చేయని యూవీఆర్ మరమ్మతు జన్యువులు. కణవిభజనను ఆపే సుల్‌ఏ అనే ప్రొటీను మరమ్మతుకు వ్యవధి ఇస్తుంది; పని అయిపోగానే లాన్ అనే ఎంజైము దానిని తినేస్తుంది. 1944 నాటి పాముల రహస్యం ఇదే: బి రకానికి పుట్టుకతోనే లాన్ లేదు, అందువల్ల ఒకసారి పడిన బ్రేకు తీసేవాళ్లు లేక కణం సాగిపోయి చచ్చేది, బి/ఆర్‌లో సుల్‌ఏ జన్యువే పాడైపోయింది, బ్రేకే లేదు. మిగిలిన కాలనీల జవాబు ఇంత చిన్నది, దానికి పట్టిన కాలం దాదాపు నలభై ఏళ్లు.

ఇవన్నీ చేసినా దెబ్బలు మిగిలితే, ముప్పావు గంట వరకూ ఆగి, అప్పుడు ఆఖరి ఆయుధం బయటికి వస్తుంది. ఉముడి, ఉముసి అనే రెండు జన్యువుల ప్రొటీన్లు కలిసి డీఎన్‌ఏ పాలిమరేజ్ అయిదు అనే, డీఎన్‌ఏ నకలు తీసే ఎంజైము అవుతాయి. ఇది ఎంజైమని 1990ల చివరలో మాత్రమే తేలింది. పాత అచ్చుయంత్రాల కాలంలో వ్రాతప్రతి చిరిగిపోయిన చోట కంపోజిటర్ పని ఆపకుండా, తోచిన అక్షరం పేర్చి ముందుకు పోయేవాడు కదా, దీని పని అలాంటిదే. మంచి పాలిమరేజ్ ఆగిపోయే చోట ఇది ఏదో ఒక అక్షరం పెట్టి దాటిస్తుంది. అక్షరం తప్పు కావచ్చు. నకలు మాత్రం పూర్తవుతుంది. బతికుంటే బలుసాకు తినవచ్చునన్నది మన సామెత. బ్యాక్టీరియా ప్రమాదం వస్తే కావాలని తన జన్యువులను మార్చుకుంటుందని కొన్నిచోట్ల రాస్తున్నారు గానీ, నాకు ఆ మాట నచ్చదు. అది మారడానికి కాదు, నకలు ఆగిపోకుండా ఉండడానికి తంటాలు పడుతున్నది. మార్పు ఆ తంటాలకు కట్టే సుంకం. ఆ సుంకం లాభంగా మారే సందర్భాలు లేకపోలేదు, వాటి సంగతి కిందనే చెబుతాను.

మళ్లీ మా డబ్బా దగ్గరకు. 1970ల ఆరంభంలో బ్రూస్ ఏమ్స్ తయారుచేసిన సాల్మొనెల్లా రకాలు హిస్టిడిన్ అనే అమినో ఆమ్లాన్ని తయారుచేసుకోలేవు. అనుమానమున్న రసాయనంతో కలిపి హిస్టిడిన్ దాదాపు లేని ఆగార్ (పోషక జెల్లీ) మీద పోస్తే, తిరుగు ఉత్పరివర్తన జరిగి ఆ శక్తి మళ్లీ వచ్చినవి మాత్రమే కాలనీలుగా పెరుగుతాయి. వాటిని లెక్కపెట్టడమే పరీక్ష. అయితే కేన్సరు కలిగిస్తాయని తెలిసిన కొన్ని రసాయనాలను ఈ మొదటి రకాలు సరిగ్గా పట్టుకోలేకపోయాయి. వాటిలో ఒకటి అఫ్లాటాక్సిన్ బి1, తడి తగిలిన వేరుశనగను పట్టే బూజు విషం. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలకూ, వేరుశనగ పండించే రాయలసీమ రైతులకూ దీని సంగతి చెప్పనక్కరలేదు. లోపం ఏమిటంటే సాల్మొనెల్లా స్వతహాగా తప్పులు చేసే పనిలో మందకొడిది. 1975లో ఏమ్స్ బృందం దానిలోకి పీకేఎమ్101 అనే ప్లాస్మిడ్‌ను (కణంలో విడిగా ఉండే చిన్న డీఎన్‌ఏ వలయాన్ని) పంపింది. దాని మీద మక్‌ఏ, మక్‌బి అనే జన్యువులున్నాయి. ఇవి ఉముడి, ఉముసిలకు దాయాదులు. వెంటనే టీఏ98, టీఏ100 అనే కొత్త రకాలు అఫ్లాటాక్సిన్‌ను తేలికగా పట్టుకున్నాయి. అంటే మా పరీక్ష విషాన్ని పట్టుకోవడం విషం చేసిన గాయాన్ని చూసి కాదు. ఆ గాయం మీదుగా పోతూ కణం చేసిన తప్పులను చూసి.

ఇందులో నన్ను కాసేపు కదలనివ్వని సంగతి మరొకటి ఉంది. పీకేఎమ్101 అనేది యాంటీబయాటిక్‌లకు లొంగని లక్షణాన్ని మోసే ఒక సహజ ప్లాస్మిడ్‌ను కుదించగా వచ్చినది. టీఏ100 సీసా తెరిచిన ప్రతిసారీ ప్లాస్మిడ్ జారిపోలేదని నిర్ధారించుకోవడానికి మేము యాంపిసిలిన్ ప్లేటు మీద గీసి చూస్తాం. మందును ఎదిరించే జన్యువూ, తప్పులు చేసే జన్యువూ ఒకే బండి మీద ప్రయాణిస్తున్నాయి. సిప్రోఫ్లాక్సాసిన్ వంటి మందులు బ్యాక్టీరియా డీఎన్‌ఏను తెంపుతాయి కనుక అవే ఎస్‌ఓఎస్‌ను లేపుతాయి. 2005లో అమెరికాలో ఒక బృందం తనను తాను కోసుకోలేని లెక్స్‌ఏ ఉన్న ఇ.కోలిని ఎలుకలకు ఎక్కించి, ఈ మందు ఇచ్చి చూసింది. ఆ బ్యాక్టీరియాలో మందుకు నిరోధకత పుట్టలేదు. లెక్స్‌ఏను కోసుకోనివ్వని మందు ఒకటి ఉంటే బాగుండునని అప్పటి నుంచి చాలామంది వెతుకుతున్నారు.

విట్కిన్ జీవితంలోని మిగతా భాగం త్వరగా చెప్పేస్తాను. పిల్లలు పుట్టిన తరువాత, కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో తనకు ఉద్యోగమిచ్చిన కార్నెగీ సంస్థ అనుమతితో కొన్నేళ్లు సగం పూట పనిచేశారు; 1955లో బ్రూక్లిన్‌లోని వైద్య కళాశాలకు, 1971లో రట్గర్స్ విశ్వవిద్యాలయానికి మారారు. అక్కడ ఆమె ప్రొఫెసరు పీఠానికి మొక్కజొన్న జన్యుశాస్త్రజ్ఞురాలు బార్బరా మెక్లింటాక్ పేరు ఉండేది. కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో తన మొక్కజొన్న కంకులను మెక్లింటాక్ స్వయంగా పిలిచి చూపించిన కొద్దిమందిలో విట్కిన్ ఒకరు. కిరణాలు పడిన వెంటనే ప్రొటీన్ల తయారీని కాసేపు ఆపితే కొన్ని ఉత్పరివర్తనలు గణనీయంగా తగ్గిపోతాయని ఆమె 1956లో గమనించారు. దానికి కారణం 1991లో, అంటే 35 ఏళ్ల తరువాత, సెల్బీ, సాంకార్‌లతో కలిసి ఆమె రాసిన వ్యాసంలో తేలింది: ఆర్ఎన్ఏ తయారీ జరుగుతున్న తంతువును ముందుగా బాగుచేసే ఏర్పాటు అది. ఆమె పదవీ విరమణ చేసినదీ ఆ ఏడాదే. అజీజ్ సాంకార్‌కు డీఎన్‌ఏ మరమ్మతు మీది పనికి 2015లో నోబెల్ వచ్చింది. అదే ఏడాది విట్కిన్‌కు, 94 ఏళ్ల వయసులో, స్టీఫెన్ ఎలెడ్జ్ అనే శాస్త్రవేత్తతో కలిపి, వైద్య పరిశోధనకు ఇచ్చే లాస్కర్ పురస్కారం ఇచ్చారు.

ఆ అమ్మాయికి ఈ కథంతా చెప్పిన వారం, నిబంధనలలో లేని చిన్న ప్రయోగం ఒకటి చేసి చూపించాను. ప్లాస్మిడ్ లేని టీఏ1535, అదే రకానికి ప్లాస్మిడ్ ఎక్కించిన టీఏ100. రెండింటికీ ఒకే మోతాదు మిథైల్ మీథేన్‌సల్ఫొనేట్, డీఎన్‌ఏను దెబ్బతీసే రసాయనం. 45 డిగ్రీల టాప్ ఆగార్‌లో కలిపి పోసి, రెండు రోజులు 37 డిగ్రీలలో ఉంచాం. తీసి లైట్ బాక్స్ మీద పెడితే మొదటి ప్లేటును వేళ్లతో లెక్కపెట్టవచ్చు, రెండోది ఆవాలు చల్లినట్టుంది. ఆ అమ్మాయి చాలాసేపు రెండింటినీ మార్చి మార్చి చూసి, డబ్ల్యూపీ2 రికార్డు తీసి, "మూలం" అన్న గడిలో సరఫరాదారు పేరు పక్కన పెన్సిలుతో ఏదో రాయబోయింది. మా రికార్డులలో పెన్సిలు వాడకూడదు, రాసినది చెరపకూడదు. ఆడిట్‌లో ఇద్దరమూ ఇరుక్కుంటామని ఆపేశాను. తరువాత చూస్తే ఫ్రీజరులోని అట్టడబ్బా మూత మీద చిన్న చీటీ అంటించి ఉంది: "బి/ఆర్, 1944, నలుగురిలో ఒకరు."